రెండో బొంబర్దీను

ముందే చెప్తున్నాను, నేను విద్వాంసుణ్ణి కాను.
పేరు హెర్మీనియు, వయసు ఏభై మూడు.
అట్లాంటిక్ నడిమధ్య సావ్ జోర్జ్ దీవిలో
చీజ్ చక్రాలు తిప్పడం నా ఉద్యోగం.
బోర్లా ఉన్నవి వెల్లకిలా,
వెల్లకిలా ఉన్నవి బోర్లా,
రోజుకి నాలుగొందలు.
గురువారం రాత్రి మాత్రం
ఫైర్ స్టేషన్ మీది హాల్లో
ఇత్తడి బిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాను.
బొంబర్దీను అంటారు దీన్ని.
బాకాలన్నిటికీ మేనమామలా ఉంటుంది,
పొట్ట పెద్దది, గొంతు మెత్తనిది.

ఊళ్ళో ఇవి రెండున్నాయి, నాది రెండోది.
మొదటిది పోస్టాఫీసు దియోలిందా గారిది,
పాటంతా ఆవిడదే.
పెద్ద డ్రమ్ము ఢం అంటుంది, నేను పా అంటాను.
ముప్పై తొమ్మిదేళ్లుగా ఆ పా నాది.
దెబ్బకీ దెబ్బకీ మధ్య సందులో
కాపురం పెట్టినవాణ్ణి.

అభిప్రాయాలంటారా, బోలెడు.
శ్రుతి చూడ్డానికి ఫోన్లు తీసే కుర్రాళ్లంటే గిట్టదు.
పక్కవాడి మొహం చూస్తే తెలియదూ?
చలికి ఇత్తడి శ్రుతి దిగుతుంది,
బ్రాందీకి మనిషి శ్రుతి ఎక్కుతుంది,
రెండూ కలిస్తే సరిపోతుందనేవారు
పాత మాస్టారు సిల్వేరియు.
కొత్త మాస్టారు తెల్మో లిస్బన్‌లో చదివాడు, ఇరవై ఆరేళ్లు.
“లెక్కపెట్టకండి, అనుభవించండి” అంటాడు.
బాబూ, ఇరవై మూడు ఆవర్తాలు నన్ను ఖాళీగా కూర్చోబెట్టి
ఏం అనుభవించమంటావు?
బూటు లోపల బొటనవేలితో లెక్కపెడతాను,
అతనికి కనపడకుండా.

ఈ బాకాకి ఎడమవైపు ఒక సొట్ట ఉంది.
నాకు ఎనిమిదేళ్లప్పుడు, జనవరి ఒకటిన,
భోజనాలైపోయి బల్ల మీద ఎండు అంజీరాలున్నాయి,
భూమి లేచి నిలబడింది.
హాలు కప్పు కూలింది.
చిన్నాన్న విర్జీనియు రాళ్లలోంచి దీన్ని తవ్వి తీసి
ఊదలేదు,
చెవి పెట్టి విన్నాడు,
లోపల ఎవరైనా ఉన్నారేమోనన్నట్టు.
పడవలు బాగుచేసే బల్తజార్ సుత్తితో
ముప్పాతిక సొట్ట తీశాడు.
మిగిలిన పాతిక వల్ల మంద్రంలో ఒక స్వరం
ఇప్పటికీ జలుబు చేసినట్టే పలుకుతుంది.
కొత్తది కొనిస్తామంది సంఘం, వద్దన్నాను.
మొండితనం అంటుంది ఫిలొమెనా.
కావచ్చు.

పోయిన ఆగస్టులో దియోలిందా గారికి
మొహం ఒక పక్క వాలిపోయింది.
వాతం అన్నారు, తగ్గుతుందన్నారు.
పండగ ఆదివారం పాట నా చేతికొచ్చింది.
ఫిలొమెనా నా చొక్కా రెండుసార్లు ఇస్త్రీ చేసింది.
నల్లరాతి వీధి నిండా పూల తివాచీ.
ముందు ఫాదర్ తొక్కుతారు,
బ్యాండు దాకా వచ్చేసరికి అంతా ముద్ద.
ఆ ముద్ద మీద జారకుండా నడుస్తూ ఊదాను.
తప్పులు మూడు, నేను లెక్కపెట్టినవి.
ఒక కిటికీలో ముసలావిడ ఏడ్చింది కూడా,
నా పాటకో, వెనకొస్తున్న మేరీమాతకో.

చెప్పొద్దూ,
నా చెవి పాట మీద లేదు.
డ్రమ్ము ఢం అంటోంది.
ఆ తర్వాత ఏమీ లేదు.
చీకట్లో దిగుతుంటే ఒక మెట్టు లేనట్టు
వీధి పొడుగునా, ప్రతి ఢం తర్వాతా
కాలు గాల్లోకి పడుతూనే ఉంది.
ఇంకెవరికీ తెలియలేదట.
తెల్మో భుజం తట్టి
“ఇవాళ అనుభవించావు” అన్నాడు.

జనవరిలో ఆవిడ తిరిగొచ్చింది.
ఎడమ పెదవి ఇంకా కాస్త బద్ధకిస్తుంది.
పై స్వరాల దగ్గర ఆవిడ తడబడితే
నా సందులోంచి ఒక చెయ్యి చాచి
ఒక్క స్వరం అరువిస్తాను,
వెంటనే వెనక్కొచ్చేస్తాను.
ఇద్దరం ఆ ఊసే ఎత్తం.
గురువారాలు నా కుర్చీలో ఒక నారింజ ఉంటోంది.

నిన్న బాకా మీటలకి నూనె పెడుతుంటే
అన్నకూతురు గ్రాసిండా వచ్చి
బ్యాండులో చేరతానంది.
ఏం నేర్చుకుంటావే అంటే శాక్సఫోనట.
ఏం చేస్తాం.
ముందు లెక్కపెట్టడం నేర్చుకో అన్నాను.
“ఎంతదాకా?” అంది.