అతుకు కనపడదు

సర్జాపుర రోడ్డు, పదకొండో అంతస్తు.
టేపు పట్టి నేను గోడ కొలుస్తాంటే
నెల్లూరు మేడం అడిగింది:
"రాయి మంచిదా, ఇది మంచిదా?
ఉన్నదున్నట్టు చెప్పు మస్తానూ."

ఉన్నదున్నట్టు చెప్తే మా ఓనరు మొహం మాడుతుంది.
అయినా చెప్తా.

ఇది రాయి కాదు మేడం.
రాతిపొడి కొంత, జిగురు కొంత,
పోతపోసి పలకలు చేసినారు.
చెయ్యి ఆనించి చూడండి, జివ్వుమనదు.
డిసెంబరులో తెల్లారి ఐదుకి పాలు పెట్టడానికి లేస్తే
గ్రానైటుకీ దీనికీ తేడా మీ మోచేతికే తెలుస్తుంది.
రెండు ముక్కలు కలిపి, అదే రంగు జిగురు పెట్టి,
బిగించి, ఆరినాక రుద్దితే
ఎక్కడ కలిపినానో రేపు నేనే వెతుక్కోవాల.
సింకు గూడా పలకలోనే కలిసిపోతుంది,
అంచు కింద నల్లజిడ్డు పేరుకోదు,
బొద్దింకకు మీసం దూర్చే సందుండదు.

ఇంక చెడ్డ మాట.
వేడి ఓర్వదు. మూకుడు దించి నేరుగా పెడితే
గుండ్రంగా పాలిపోతుంది, ఒక్కోసారి చిట్లుతుంది.
కత్తిగీత పడుతుంది. నలుపు తీసుకుంటే
ప్రతి గీతా సుద్దముక్కతో రాసినట్టు కనపడుతుంది.
తెలుపు తీసుకుంటే పసుపు.
వెంటనే తుడిస్తే సరే,
రాత్రంతా వదిలేస్తే పొద్దున పీచుతో బతిమాలుకోవాల.
ధరంటారా,
జిగణిలో ఆ డబ్బుకు రెండు వంటిళ్ల నల్లరాయి వస్తుంది.

కానీ గీత పడితే నేనొచ్చి రుద్దుతా, పోతుంది.
రాయి అంచు పెచ్చు లేస్తే లేచిందే.

ఆమె చెవి ధర దగ్గరే ఆగిపోయింది.
ఫోనులో లెక్క వేసుకుంటాంది.

నేను చెప్పనిది ఒకటుంది.
మాది బేతంచెర్ల పక్క పల్లె.
నేల బండ, కప్పు బండ, నీళ్లతొట్టి బండ,
బడికి పోతే కూచునేది బండ.
నాయన ఉలి పెడితే బండ పొరలు పొరలుగా విడిపోయేది,
అంచు మాత్రం ఏనాడూ తిన్నగా రాలేదు.
సాయంత్రానికి ఆయన కనురెప్పలు తెల్లగా ఉండేవి.
ఇప్పుడు నావి ఉంటాయి.
ఆయన దుమ్ము బరువు, కాళ్ల దగ్గరే రాలేది.
నాది జొన్నపిండి కంటే తేలిక,
మాస్కు అంచులో నుంచి వస్తుంది.
ఊపిరితిత్తికి ఏది నయమో
ఇంతవరకు నన్నెవరూ అడగలేదు,
ఉన్నదున్నట్టు చెప్పమని.

పొయ్యికోసం పలకలో కోసి తీసేసిన ముక్క ఎవరికీ పనికిరాదు.
అట్లాంటిదొకటి గోనెలో చుట్టి
బొమ్మనహళ్లి బస్సులో ఒళ్లో పెట్టుకొని తెచ్చినా.
సగం టికెట్టు అడిగినాడు కండక్టరు.
దస్తగిరమ్మ దానిమీద రొట్టె తట్టింది.
పలక జారింది, రొట్టె వంకర పోయింది.
"ఇంత నున్నన పనికిరాదు," అని
మళ్లీ నాయన బండే కడిగి పెట్టుకుంది.
తెల్లముక్క మీద ఇప్పుడు వేడిగిన్నెలు దించుతుంది.
వద్దంటే వినదు.
ఆరు మచ్చలున్నాయి, ఒకదాన్నొకటి కోసుకుంటా,
ఏడోది మొన్న పడింది.
మిషను నా దగ్గరే ఉంది, ఆదివారమూ ఉంది.
"రుద్దనా?" అంటే,
"కూలి ఎవరిస్తారు?" అంటుంది.
మా ఇంట్లో మచ్చలు మచ్చల్లాగే ఉన్నాయి.

"ఖాయం చేద్దాం," అంది మేడం ఫోను పక్కన పెట్టి.
ఏ రంగు?
"తెలుపు. మొత్తం తెలుపే."
పొయ్యిపక్కన, తెరిచిన డబ్బాలో పసుపు,
దాంట్లో చెంచా గుచ్చి ఉంది.
నేను పెన్సిలు చెవి మీంచి తీసి
తెలుపు అని రాసుకున్నా.