ఇతరములు

మంగళవారం. టీకాల డబ్బా కడిగి ఎండకు పెడుతున్న.
లసుంబాయి వచ్చింది,
చంకల చాట, చాటల కత్తిరించిన తునికాకు,
ఆకు మీద తడిగుడ్డ.
సబ్‌సెంటర్ అరుగు మీద కూసున్నా
ఆమె చేతులు ఆగవు.

"పానం మంచిగ లేదు సిస్టరమ్మా."

ట్యాబు తెరిచి బొటనవేలు పెట్టమన్న.
అద్దం ఎర్రగ వెలిగింది, ఆరింది.
వేలిముద్ర సరిపోలలేదు.
కొంగుకు తుడిచి పెట్టమన్న,
కొబ్బరినూనె రాసి పెట్టమన్న,
చూపుడువేలు, ఉంగరపువేలు, ఎడమ చెయ్యి.
ముప్పై ఏండ్లు, రోజుకు వెయ్యి బీడీలు.
గీతలన్నీ ఆకుల మీదికి పోయినయ్,
దారం చుట్టుకొని, కట్టలు కట్టుకొని
ఎవరెవరి పెదవుల మీదనో కాలిపోయినయ్.
మిషనుకు ఆమె ఎవరో తెల్వదు.
నాకు తెలుసు.
నా సాక్ష్యానికి అందుల గడి లేదు.

ఇంకో దారి ఉంది, ఓటీపీ.
నెంబరు చివరి నాలుగంకెలు చదివితే నవ్వింది.
"గది మా గుమాస్తాది బిడ్డా.
పీఎఫ్ కాయిదాలప్పుడు ఆయనే రాసిండు.
నాకేడిది ఫోను?"

గుమాస్తాకు ఫోను చేసిన.
ఆకు తూకం వేస్తున్నడట.
"అంకెలు చెప్త గనీ, ఏమైందట లసుంబాయికి?
దమ్మా? టీబీ గిట్లనా?
అట్లయితే ముందుగాల చెప్పుండ్రి,
ఆకు ఇంకొకలకు ఇయ్యాలె."
ఆరంకెలు రాసుకున్న.
ఫోను గొంతు అరుగు దాక వినపడ్డది.
ఆమె చేతులు
అప్పుడు ఆగినయ్.

తర్వాతి పేజీ. మీ లక్షణాన్ని ఎంచుకోండి.
ఛాతీ నొప్పి. శ్వాస ఆడకపోవుట. తల తిరుగుట.
"ఏడ నొస్తుందే?"
"నొచ్చుడు కాదు బిడ్డా.
ఇగో, రొమ్ముల దారం ముడేసి బిగ్గ గుంజినట్టు.
రాత్రి సలుపు. తెల్లారంగ మొద్దుబారుడు.
ఒక్కోపాలి లోపట ఎవరో చీపురు పట్టి
ఎండిన వాకిలి ఊకినట్టుంటది."

జాబితాను కిందికి జార్చిన, ఇంకా కిందికి.
ఈ మాటలల్ల ఒక్కటీ లేదు.
అట్టడుగున ఒంటరిగ ఉంది:
ఇతరములు.
దాన్నే నొక్కిన.

తెర మీదికి డాక్టరు సారు వచ్చిండు,
వెనక పట్నపు తెల్లగోడ.
మంచోడే. నమస్తే అమ్మా అన్నడు.
"ఎప్పటి నుంచి ఈ ఇబ్బంది ప్రారంభ..."
నోరు సగం తెరిచి అట్లనే నిలిచిపోయిండు,
ముక్కు మీద చక్రం తిరుగుతుంది.
లసుంబాయి కొంగు సవరించుకొని
ఆ నిలిచిపోయిన మొఖానికే చెప్పుకున్నది అంతా:
ఆకు నానవెట్టిన గోలెం జరుపుతుంటే మొదలైందని,
బతుకమ్మ ఎత్తుకొని పోతుంటే నడిమిట్ల కూలవడ్డదని,
ఎవ్వలకు చెప్పలేదని.
నేను ఆపలేదు.
సారు ఎంత ఓపికగ వింటున్నడో అనుకున్నది.

నెట్ వచ్చేసరికి సారు లేడు.
సంప్రదింపు పూర్తయినది.
ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?
సూచనలు రెండు వందల అక్షరాలకు మించరాదు.

రాసిన:
ఆమె రోగం కబురు ఆమె చేతికే రావాలె.
వేళ్ళు అరిగినోళ్ళకు ఇంకో తలుపు పెట్టుండ్రి,
కన్నో, గొంతో, మా అసొంటోళ్ళ మాటో.
గుంజుడు, సలుపు, ఊకుడు, ఇవి గూడ నొప్పులే.
నెట్ పోతే మనిషి పోవద్
అక్షరాలు అయిపోయినయ్.

ట్యాబు సంచిలేసి స్కూటీ తీసిన.
మెట్‌పల్లి దవాఖాన పద్నాలుగు కిలోమీటర్లు.
చాట ఒళ్ళో పెట్టుకొని
లసుంబాయి ఒక చేత్తో నా భుజం పట్టుకున్నది.
గీతల్లేని వేళ్ళు.
జాకెట్టు మీదికెల్లి ఒక్కొక్కటి, ఐదూ
తెలుస్తున్నయ్ నాకు.

"బిడ్డా, చీకటివడే లోపట మళ్ళొస్తమా?
ఇంకా మూడొందల బీడీలు బాకీ."