చేటెడు తవుడు

గంటా ఇరవై నిమిషాలు.
నెల్లిమర్లలో టీ గ్లాసు చేతిలోంచి జారిన దగ్గర్నుంచి
విజయనగరంలో గుండెనాళం లోపల
చిన్న బుడగ ఉబ్బి దారి ఇచ్చేదాకా
తవిటయ్య గుండెలో ఒక వైపు నెత్తురు లేదు.

ఇప్పుడుంది. తెర మీద నేనూ చూశాను,
నల్లటి సిరాలా కొమ్మకొమ్మకీ పాకింది.
డాక్టరుగారు గ్లోవ్సు విప్పేశారు.
"పేనం వొచ్చీసిందా బాబూ" అంది పారమ్మ,
వచ్చేసిందన్నారు.

మర్నాడు ఎకో తీసేది నేను.
జెల్లు చల్లదనానికి మనిషి ఉలిక్కిపడ్డాడు.
గుండె ముందు గోడ మాత్రం ఉలకలేదు.
నెత్తురు వస్తోంది, తాకుతోంది, పోతోంది.
మిగతా గోడలు బరువంతా లాగుతుంటే
అది గేటు బయట నిలబడ్డ షిఫ్టులా
ఊరికే ఉంది.

"ఏటమ్మా, పన్జేత్తందా?"

ఏం చెప్పను.
పదకొండు నెలల లాకౌట్ ఎత్తేసిన రోజు
మా నాన్న కొత్త చొక్కా వేసుకుని మిల్లుకి వెళ్లాడు.
కరెంటు వచ్చింది. సైరన్ కూసింది.
గోగునార బేళ్లు లారీల్లోంచి దిగాయి.
మగ్గం తిరగలేదు.
తిరిగినవాటిలో కొన్ని
తిరగడం వల్లే విరిగాయి.
తుప్పు మీద ఒక్కసారిగా వేగం పడి
బెల్టు తెగి, సోములు మావ మోచేతిని కోసేసింది.
మూసి ఉన్నన్నాళ్లూ అక్కడ ఎవరికీ దెబ్బ తగల్లేదు.

నెత్తురూ అంతే.
పోయినప్పుడు ఆకలి,
వచ్చినప్పుడు మంట.
నాళం లోపలి పూత, ఉల్లిపొర కన్నా పల్చన,
కాస్త జరుగు అని కబురొస్తే
ఇన్నాళ్లూ జరిగి చోటిచ్చేది.
ఇప్పుడదే కబురుకి బిగుసుకుంటుంది,
కొట్టిన చెయ్యి నిమరడానికి వచ్చినా
తల వెనక్కి లాక్కునే పిల్లాడిలా.

ఇదంతా ఆయనకి చెప్పలేదు.
"మీకా పేరు ఎవరు పెట్టారు" అన్నాను ప్రోబు తిప్పుతూ.
నవ్వాడు, తెర చెదిరింది.

"నాకు ముందల ముగ్గురు పోనారమ్మా.
నాను పుట్టీసరికి మాయమ్మ
పక్కింటోలికి సేటడు తవుడికి అమ్మీసి
మల్లీ కొనుక్కుంది.
మూడ్రోజులు ఆలింటికాడే ఉన్నానంట.
తిరిగొచ్చినాక పాలు తాగనేదంట.
రొమ్ము నోట్లో ఎడితే ఒకటే ఏడుపంట,
మాయమ్మని ఎరగనట్టు సూసీవోడినంట."

"తర్వాత?"

"తాగినాను గావాల. ఉన్నాను గదా."

జెల్లు తుడిచి చొక్కా గుండీలు పెట్టాను.
ఒక గుండీ లేదు, అక్కడ పిన్నీసు ఉంది.

రిపోర్టులో రాశాను:
ముందు గోడ, కదలిక బాగా తక్కువ.
ఆరు వారాలాగి మళ్లీ చూడాలి.
కింద ఇంకో గడి ఉంటుంది,
ఆ కండ చచ్చిపోయిందని టిక్కు పెట్టడానికి.
పెన్ను దాని దాకా వెళ్లింది.
ఖాళీగా వదిలేశాను.