నాఫ్తా పంపు ఆపిన రాత్రి

రాత్రి రెండూ నలభైకి
లాగ్ బుక్‌లో నా చేత్తోనే రాశాను:
నాఫ్తా పంపు బంద్.
ఇరవై ఆరేళ్ళుగా ఆ గడిలో
'నడుస్తోంది' తప్ప రాయని చెయ్యి.
'బ' పక్కన సున్నా కాస్త పెద్దదైంది.

కిటికీ అవతల యారాడ కొండ
చీకట్లో పడుకున్న గేదెలా ఉంది.
రిఫార్మర్ కన్నం మూత తీసి చూశాను.
నాఫ్తా మంట పచ్చగా, బద్ధకంగా,
పెళ్ళయినా కదలని చుట్టంలా
గొట్టాలకు జారబడి ఉండేది.
ఈ కొత్తది పొట్టిగా, నీలంగా,
పని తప్ప మాట తెలియనట్టు నిలబడింది.
గొట్టాలు మాత్రం ఎప్పట్లాగే ఈతగెలల రంగు.
వాటికేం తెలుసు, వేడి ఎవడిచ్చాడో.

బెహరా సుమిత్ర, ముప్పై నిండని ఇంజనీరు,
మూడు రోజులుగా బూట్లు విప్పని పిల్ల,
క్యాలిక్యులేటరు నొక్కి అరిచింది:
"టన్ను అమోనియాకి తొమ్మిదిన్నర అయ్యేదా,
ఎనిమిదింపావుకి దిగుతుంది అంకుల్!"
మిగిలింది ఒకటింపావు గిగా క్యాలరీ.
ఆ మాట నా నోట పట్టలేదు.

మిందిలో రేకుల ఇంట్లో పెరిగినవాణ్ణి.
నాకు వేడి మిగలడమంటే
అన్నం ఉడుకు పట్టగానే మా అమ్మ
వెనక్కి లాగేసిన రెండు సరుగుడు కట్టెలు,
రేపటికని నీళ్ళు చల్లి ఆర్పిన బొగ్గు.
టన్నుకి ఎన్ని కట్టెలు వెనక్కి లాగామో
లెక్కేసి చెప్పమన్నాను.
నవ్వింది. తర్వాత నిజంగానే వేసింది.
కాగితం వెనక: మూడున్నర క్వింటాళ్ళు.
రోజుకి వెయ్యి టన్నులు కదా,
రోజుకో సరుగుడు తోట
నరక్కుండా వదిలేశామన్నమాట.

పరదేశి ఇంకా పంపు హౌసులోనే ఉన్నాడు.
మడక పరదేశి, ఫిట్టరు.
స్క్రూడ్రైవరు మొన బేరింగు మీద, పిడి చెవికి ఆనించి
"రేపు తెల్లారేసరికి కొట్టేస్తాది" అనేవాడు.
కొట్టేసేది.
చల్లారుతున్న ఇనుము టిక్కు టిక్కుమంటుంటే
తల వంచి వింటున్నాడు.
"ఏటి పరదేశీ?"
"ఏటీ నేదు. సల్లబడతంది."
కాసేపాగి,
"గేస్ లైనుకి బేరింగులుండవు గదా.
నన్ను స్టోర్సుకి ఏసేసినారు.
నట్లు లెక్కెట్టుకోమన్నారు."

ఇంకోటి.
నాఫ్తాకి వాసనుండేది.
బొట్టు కారినా మీటరు కన్నా ముందు
ముక్కు చెప్పేది.
మా లైన్లో వచ్చే గ్యాసుకి ఆ మర్యాద లేదు.
వాసన వస్తే
తలుపు తీసి పరిగెత్తాలా,
మూసుకుని తడిగుడ్డ కప్పుకోవాలా తెలియక
నడిరాత్రి లేచి కూర్చున్నవాళ్ళున్నారు ఈ ఊళ్ళో.
వాసనే రాకపోతే ఏం చెయ్యాలో
వాళ్ళకి నేనేం చెప్పను?
డిటెక్టర్లు ముప్పై ఆరు.
ముప్పై ఆరూ నేనే పరీక్షించాను.
ఎవరూ అడక్కపోయినా, మళ్ళీ ఒకసారి.

తెల్లారి గేటు దాటాను.
ట్యాంకర్లు లేవు.
వాటి నీడలో పడుకునే కుక్క
అప్పుడే చురుక్కుమంటున్న ఎండలో నిలబడి
అటూ ఇటూ చూస్తోంది.
"డ్రైవర్లు సమ్మెటా బాబూ?"
టీ బడ్డీ నూకాలమ్మ.
"కాదమ్మా. ఇంక రారు."
ఆవిడేం అనలేదు.
తెరిచిన రెండో పాల ప్యాకెట్టు మూతి మడిచి
రబ్బరు బ్యాండు వేసింది.
స్టవ్వు మంట తగ్గించింది.
ఆ తగ్గిన మంట
సుమిత్ర కాగితంలో ఎక్కడా లేదు.

శ్రీహరిపురంలో ఇంటికొచ్చి
చొక్కా విప్పి దండెం మీద పడేశాను.
నా బట్టలకి ఇరవై ఆరేళ్ళుగా
వేరే బకెట్టు, వేరే సబ్బు.
అచ్చియ్యమ్మ అలవాటుగా ముక్కు ముడిచి తీసుకుంది,
ముడత విప్పింది,
చొక్కాని దగ్గరికి పట్టుకుని
ఇంకోసారి చూసి
నా వైపు తిరిగింది:

"డూటీకి ఎల్లనేదేటి?
మరి రేతిరంతా ఎక్కడ తొంగున్నావు?"