చుక్కల గీత

బడీచౌడీలో బుక్ బైండింగ్ షాపు మీది గది.
మెట్లు పద్దెనిమిది, పదకొండోది కదుల్తుంది.
ఇరవై ఏడేళ్లు ప్రతి ఆదివారం పదింటికి
ఆ మెట్టును దాటేసి ఎక్కేవాళ్లం,
చంకలో గుడ్డసంచీ,
సంచీలో చచ్చిపోయినవాళ్లు.

సర్వే ఆఫీసులో నక్షాలు గీసి రిటైరైనవాణ్ణి నేను.
మగవాడికి చతురస్రం, ఆడమనిషికి సున్నా,
రుజువుంటే నిండు గీత,
వినికిడైతే చుక్కల గీత.
ఎన్ని ఇంటిపేర్లు నా చేతిమీదుగా కొమ్మలేశాయో!

మొయిజుద్దీన్ సాబ్ షికస్తా చదివేవాడు.
తెగిన గొలుసులాంటి ఆ రాతలోంచి
ఎవరి ముత్తాతకో దక్కిన ఇనాము భూమిని
బావిలో పడ్డ బిందెను గాలమేసి తీసినట్టు
మెల్లగా పైకి తీసేవాడు.
సులోచనా డేనియల్ సికింద్రాబాద్ చర్చీల
బాప్తిస్మం పుస్తకాలకు ఒంటిచేత్తో నకళ్లు రాసింది.
పిచ్చకుంట్ల సాయిలుకు అక్షరం రాదు.
కళ్లు మూసుకుంటే పదమూడు తరాలు
వరసగా వచ్చి ఆయన నాలుక మీద కూచునేవి.
దగ్గొస్తే లేచిపోయేవి. మళ్లీ మొదట్నుంచీ.

ఎవరి కథ అడిగినా చివరికి మూసీ అడ్డం వచ్చేది.
"వరదలో పోయాయండీ కాగితాలు" అనేవాళ్లు
కొత్తగా వచ్చినవాళ్లు.
అన్ని నేరాలూ నది మీద మోపితే ఎలాగని
ఇక్బాల్ నారాయణ్ రాయ్ నవ్వేవాడు:
"సగం చెదలు తిన్నది, సగం దాయాదులు తిన్నారు."

ఎప్పుడు పలచబడ్డామో చెప్పలేను.
మాణిక్‌రావూ వామన్‌రావూ ఒకే నర్సప్ప మునిమనవలు.
ఆ నర్సప్పకు రెండో పెళ్లాం ఉందా లేదా అని
తొమ్మిదేళ్లు కొట్లాడారు.
నేను చుక్కల గీత గీశాను. ఇద్దరికీ కోపం వచ్చింది.
ఒకాయన వస్తాడేమోనని ఇంకొకాయన రావడం మానేశాడు,
ఇద్దరూ.

సాబ్ రంజాన్ నెలలో పోయాడు.
ఆయన చదవాల్సిన కట్టలు కిటికీ పక్కన అలాగే ఉన్నాయి.
మొహర్లున్నాయి, వేలిముద్రలున్నాయి,
చదువు మాత్రం ఆయనతోపాటు మట్టిలో పడుకుంది.
సాయిలువి రెండు క్యాసెట్లు మిగిలాయి.
ఒకదాంట్లో ఏడో తరం దగ్గర
ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

తర్వాత కొండాపూర్ నుంచి ఒక కుర్రాడు వచ్చాడు,
మెట్రో దిగి. ఫోన్లో చూపించాడు:
గాజుగొట్టంలో ఉమ్మి పంపాడట,
ఆరు వారాలకి నూటికి ఇంతని నెత్తుటి లెక్క వచ్చిందట,
నాలుగొందల మంది దూరపు చుట్టాలు తేలారట.
"ఒక్కరింటికైనా వెళ్లావా నాయనా?" అంది సులోచన.
ఎందుకన్నట్టు చూశాడు.
టీ తాగి, థాంక్స్ చెప్పి,
పదకొండో మెట్టునే గట్టిగా తొక్కుకుంటూ దిగిపోయాడు.
ఆ చలికాలం సులోచన మోకాళ్లు కూడా
మెట్లతో తెగతెంపులు చేసుకున్నాయి.

మొన్న ఆదివారం నేనొక్కణ్ణే.
ట్రేసింగ్ పేపరు పరిచి
మా గదికే వంశవృక్షం గీయడం మొదలుపెట్టాను.
ఎవరు ఎవర్ని తీసుకొచ్చారు, ఎవరి తర్వాత ఎవరు.
ముప్పై ఒక్క మంది.
అట్టడుగున నా చతురస్రం,
దాని కింద తెల్లకాగితం.

చీపురు పట్టుకుని యాదమ్మ గుమ్మంలో నిలబడింది.
పంతొమ్మిదేళ్లుగా మా పూర్వీకుల దుమ్ము ఊడుస్తోంది.
ఆమెనెక్కడ వేయాలో తోచలేదు.
"మీ అమ్మ పేరేంటి యాదమ్మా?"
"లచ్చవ్వ."
"ఆమె తల్లి?"
చీపురు చేయి మార్చుకుంది.
"నాకేమెరుక సారు. మా అమ్మ ఆమెను అవ్వా అనేది,
ఊరోళ్లు పొట్టిది అనేటోళ్లు."

సున్నా చుట్టాను. లోపల పొట్టిది అని రాశాను.
నిండు గీతా, చుక్కలా అని
పెన్సిలు గాల్లో ఆపి పట్టుకున్నాను.

"అయిపాయెనా రాసుడు?
జర లెవ్వు సారు, ఊడ్వాలె."