పలక మీద గీత

డెబ్బయ్యొకటి డిసెంబరు.
మా మార్కాపురం కర్నూలు జిల్లాని వదిలి
ఒంగోలు జిల్లాలో చేరి రెండేళ్ళు నిండలేదు.
కార్డు మీద ఏ జిల్లా రాయాలో
పోస్టుమానుకే ఒక్కోసారి అనుమానం.

సుంకయ్య టీకొట్టు ముందు నిలువెత్తు పలక,
గని నించి పాత బాకీ కింద వచ్చింది.
మధ్యకి మేకుతో గీత గీసి పంచుకున్నారు:
ఎడమ పక్క ఆవూదూడ వాళ్ళది,
కుడి పక్క కంకీకొడవలి వాళ్ళది.
ఎవరి మీటింగు వాళ్ళు, ఎవరి తిట్లు వాళ్ళు.
అక్షరం గీత దాటితే బెంచీలు లేచేవి.
సుద్దముక్కతో రాసేవాణ్ణి నేను.
అరకప్పు టీకి రెండు పార్టీలకీ పనిచేసేది
ఊళ్ళో నేనొక్కణ్ణేనని అప్పట్లో నా నమ్మకం.

మూడో తేదీ రాత్రి రేడియో యుద్ధమంది.
తెల్లారేసరికి ఎల్లారెడ్డీ దానియేలూ
ఒకే తడిగుడ్డతో పలక తుడిచారు.
ఆ చివర నించి ఈ చివరకి, గీత మీదుగా
ఒకటే వార్త.
గాడిలో సుద్ద ఇరుక్కుని
అక్కడ మాత్రం ఏ మాటైనా కాస్త నత్తిగా పడేది.

ఎందుకైనా మంచిదని ప్రెసిడెంటు శెట్టిగారు
వీధి దీపాలార్పించాడు.
"మన మీద బాంబేస్తే ఏం పగులుద్ది సామీ, పలకలేగా!"
అన్నాడు సుంకయ్య, లాంతరుకి గోనె కప్పుతూ.
కప్పాడు మరి.
చీకట్లో పోసిన టీ సగం వేళ్ళ మీదే.
ఎవరూ కసురుకోలేదు.
పలకల ఫ్యాక్టరీ ఆడవాళ్ళు దగ్గుతూ దగ్గుతూనే
ఒకరోజు కూలి యుద్ధనిధికిస్తామన్నారు.
ఏ పార్టీ రసీదు పుస్తకంలో అన్న దగ్గర
దేశభక్తి గంటన్నర ఆగింది.
ఆఖరికి బడిపంతులు హాజరుపట్టీలో రాసుకున్నాడు,
ప్రతి పేరు పక్కనా రూపాయిన్నర.

పదహారో తేదీ సాయంత్రం 'ఢాకా' అని
పలకంతా పట్టేట్టు రాసింది నేనే.
ఒత్తు మర్చిపోతే
రెండు పార్టీలూ ఒకేసారి మొట్టికాయ వేశాయి.
ఊరేగింపు బస్టాండు దాకా ఒకటిగా నడిచి
అక్కడ రెండయింది,
ముందు ఎవరి జెండా అన్నది తేలక.
మర్నాడు గీతకిటు వీళ్ళు, గీతకటు వాళ్ళు.
మార్చిలో ఓట్లు మరి.

అప్పుడొచ్చింది మాబున్ని,
గనిలో తట్టలు మోసే మనిషి.
జుట్టు బూడిదరంగు,
వయసో పలక దుమ్మో చెప్పలేం.
"గెలిచినామంట గదా.
మావోడు హుసేన్ పీరా ఏమైనాడో
ఇందులో యాడన్నా రాసుండారా?"
అంత పలకలో యాడా లేదు.
"పోనీ ఆ గీత కాడ ఏలెడు జాగా ఇడిసిపెట్టండయ్యా.
కబురొస్తే రాద్దురు."
ఇడిసిపెట్టారు.
వీళ్ళు అర వేలు, వాళ్ళు అర వేలు.
ఆ ఒక్క కొలతలో తగువు రాలేదు.
జనవరంతా ఆ సందు నల్లగానే ఉంది.

జాబు ఫిబ్రవరిలో వచ్చింది, పూనా ఆసుపత్రి నించి,
కర్నూలు జిల్లా అని ఉండటాన చుట్టు తిరిగి.
రాత ఎవరిదో, వేలిముద్ర వాడిది.
ఓటడగొచ్చిన ఎల్లారెడ్డి చేత చదివించుకుంది.
ఏమీ అనలేదు. మడిచి కొంగున కట్టుకుంది.
సాయంత్రం దానియేలు వస్తే
ముడి విప్పి, మొదటిసారి చూపిస్తున్నట్టే ఇచ్చింది.
ఎడమ కాలు మోకాటి కింద లేదు.
మిగతాది బాగుంది. బువ్వ బాగా పెడుతున్నారు.
ఇద్దరూ అదే చదివారు.
"ఓట్ల కాలంలో ఇద్దరూ ఒకటే మాట చెప్పినారంటే,"
అంది మాబున్ని, "నిజమే అయ్యుంటాది."
అప్పుడు కూలబడింది.

సుద్ద పట్టుకుని పలక దగ్గర నిలబడ్డాను.
ఏలెడు సందు, కాలు సంగతి పట్టదు.
నిలువుగా, గాడి మీదే,
ఒకదాని కింద ఒకటి మూడక్షరాలు:
ఉ
న్నా
డు

సుంకయ్య ఆ పూట నాకు
నిండు కప్పు పోశాడు.