టోకెన్ డెబ్బై ఒకటి

రొయ్య వీపులో నల్లటి నరం ఉంటాది.
సూది మొన గుచ్చి, తెగకుండా, ఒక్క లాగు.
తెగిందా, ట్రే వెనక్కొస్తాది.
చెంగమ్మా నేనూ ఎదురెదురు బల్లలు.
ఐసు నీళ్ళలో ఎవరి వేళ్ళు ఎవరివో తెలీకుండా
పదకొండేళ్ళు ఆ నరాలే లాగినాం.

ఆ పొద్దు లాగతా లాగతా ఆగింది.
సూది జారింది.
కుడి చెయ్యి బల్ల మీద
ఎవరో పెట్టి మర్చిపోయిన చెయ్యిలా ఉండింది.
"ఏందిమే?" అన్నా.
చెప్పబోయింది. నోరు ఒక పక్కకి పోయింది,
మాట ఇంకో పక్కకి.

చలికి బిగిసిందన్నారొకరు.
అరిచేతిలో తాళాలు పెట్టమన్నారొకరు.
పెంచలయ్య, మా సూపర్‌వైజరు,
పావుగంట లేటయితే పూట కూలి కోసేసే మనిషి,
ఆ తాళాలే లాక్కుని జీపు తీసినాడు.
వాళ్ళ నాయనకి ఇట్టానే అయితే
మూడు రోజులు పసరు తాపినారంట.
అంతే చెప్పినాడు దారంతా.

కావలి ఆస్పత్రిలో డాక్టరమ్మ అడిగింది ఒకటే:
"బాగున్నప్పుడు చివరాఖరికి ఎప్పుడు చూసినారు?"
నాకు ఏడుపొచ్చింది.
ఐసు గదిలో మాకు పొద్దెక్కడిది?
పెంచలయ్య చంకలోంచి పుస్తకం తీసినాడు,
మమ్మల్ని గ్రాముల్లెక్కన కోసే ఆ తడి పుస్తకం.
"టోకెన్ డెబ్బై ఒకటి. ఎనిమిదీ నలభై.
మూడు కిలోల రెండొందలు.
ఒక్క నరం తెగలేదమ్మా."

ఆ అంకె పట్టుకునే మందెక్కించినారు.
గడ్డని కరిగించే మందంట.
యాడన్నా నెత్తురు కారినా కారొచ్చంట.
గుంట కాడ నించి బురద కాళ్ళతో వచ్చిన శీనయ్య
విన్నాడో లేదో, సంతకం చేసినాడు.
"పెద్ద నరంలో అడ్డం పడింది, మందొక్కటే చాలకపోవచ్చు.
నెల్లూరు పోండి. మందు మటుకు ఆపబాకండి."

అంబులెన్సులో ఆ చుక్కలు లెక్కపెడతా కూర్చున్నా.
కొడవలూరు కాడ లెక్క తప్పి
మళ్ళీ ఒకటి నించి మొదలుపెట్టినా.
పెన్న బ్రిడ్జి కింద అంతా ఇసకే.
ఒక వార మటుకు సన్నంగా
పాయ ఒకటి పోతా ఉండింది.
అది చాల్లే, అనుకున్నా,
ఎందుకనుకున్నానో.

తొడ కాడ చిన్న బెజ్జం పెట్టి
తీగ పంపినారంట, గుండె పక్కగా, మెడలోంచి,
తలకాయ లోపలికి.
దాని కొనాన వలలాంటిది విచ్చుకుంటాదంట.
"మందు నానబెట్టింది, మేం పట్టి లాగినాం.
మొదటిసారి జారింది, రెండోసారి వచ్చింది."
చెప్పినాయన కుర్రోడు,
నుదుటి మీద ఇంకా టోపీ గీత.
గాజుగుడ్డ మీద చూపించినాడు:
నల్లగా, వంకరగా, రొయ్య నరమంత.

నాకు నవ్వొచ్చింది. తప్పుగా అనుకోబాకండి.
"తెగకుండా లాగినారా?" అని అడిగినా.
"కొనాన కొంచెం తెగింది,"
అన్నాడు కిందికి చూస్తా.

ఆ తెగిన కొంచెం ఏ పక్కకి పోయిందో
ఇప్పుడిప్పుడే తెలస్తా ఉంది.
నడకొచ్చింది. చెయ్యొచ్చింది,
చూపుడు వేలు ఒక్కటే ఇంకా రాలా.
ఉప్పుని ఎండ అంటాది.
మస్తాన్‌బీ అనే నా పేరు పోయి
నేను "ఎనిమిదీ నలభై" అయినా.
పలుకుతా ఉండా.

మొన్న షెడ్డుకొచ్చింది, ఊరికే, చూసిపోదామని.
నా చేతిలో సూది తీసుకుని
ఒక రొయ్య పట్టుకుని నిలబడింది శానాసేపు.
గుచ్చలా. కింద పెట్టలా.
ఐసు కరిగి మోచేతి మీద నించి కారతా ఉంది.
ఎవరూ ఏమీ అనలా.
పెంచలయ్య పుస్తకం తెరిచినాడు.
డెబ్బై ఒకటి అని రాసి, టైమేసి,
బరువు గడి ఖాళీగా ఒదిలిపెట్టినాడు.